రోగం రాకముందు వచ్చే వైద్యుడు



నిరుడు భాద్రపదంలో మా వీధిని జ్వరాలు పట్టుకున్నాయి. ఏడిళ్ళలో మంచాలు పడ్డాయి. మా పక్కింటి పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. సాయంకాలాలు మా అరుగు మీద కూర్చుని నా దగ్గర శతకపద్యాలు చెప్పుకుంటాడు. వాడికి వచ్చినది డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని ఆసుపత్రిలో ఆరు రోజులు ఉంచారు. మూడవనాటి రాత్రి వాళ్ళమ్మ ఆసుపత్రి మెట్లమీద కూర్చుని, ఎవరు పలకరించినా బదులు చెప్పక, ఎదురుగోడకేసి చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నాకింకా మరపునకు రాలేదు. దైవానుగ్రహం వల్లనూ, ఆ వైద్యుడి శ్రద్ధ వల్లనూ పిల్లవాడు గట్టెక్కాడు.

ఆ వైద్యుడు ఒకప్పుడు నా దగ్గర సంధులూ సమాసాలూ వల్లెవేసినవాడే. మనసారా అభినందించబోతే వాడు సిగ్గుపడి, "మాస్టారూ, నేను జ్వరం వచ్చాక చూసేవాణ్ణండీ. రాకుండా చూసే డాక్టరు వేరే ఉంటాడు. మాకు కాలేజీలో ఆ సబ్జెక్టు కూడా ఉండేది. ఆ క్లాసులో సగంమందిమి నిద్రపోయేవాళ్ళం" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఒకనాడు పనిగట్టుకుని గుంటూరు కొత్తపేటలో బోర్డులు చదువుకుంటూ నడిచాను. గుండెకు ఉన్నారు, మూత్రపిండాలకు ఉన్నారు, ఎముకలకు, చర్మానికి, చెవికి, ముక్కుకు ఉన్నారు. రోగం రాకుండా చూడబడునన్న బోర్డు మాత్రం ఒక్కటి లేదు. ఎలా ఉంటుంది? రోగి ఉంటే కదా వైద్యుడికి రుసుము! రోగే లేకుండా చేసేవాడికి ఎవరు చెల్లిస్తారు? వీధిలో దొరకనివాణ్ణి పుస్తకాలలో వెదకడం తప్ప పంతులుద్యోగం చేసినవాడికి చేతనయిన విద్య మరొకటి లేదు. ఆ వెదుకులాటే ఈ టపా.

మొదట చేతికి తగిలినది చరకసంహిత. మాబోటి పండితశిక్షణవాళ్ళకు చరకుడి పేరు తెలిసినంతగా గ్రంథం తెలియదు. నేనూ ఉద్యోగవిరమణ చేశాకనే తెరిచాను. అందులో విమానస్థానంలోని మూడవ అధ్యాయం పేరు జనపదోద్ధ్వంసనీయం. ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోవడాన్ని గురించిన అధ్యాయమన్నమాట. పాంచాలదేశంలో కాంపిల్య నగరం దగ్గర, ముదిరిన వేసవిలో, గంగ ఒడ్డున వనంలో ఆత్రేయ పునర్వసువు శిష్యులతో నడుస్తుంటాడు. నక్షత్రాలూ, గాలులూ, ఋతువులూ తమ తీరు తప్పుతున్న గుర్తులు ఆయనకు కనిపిస్తాయి. నేల తన సారం కోల్పోకముందే ఓషధులను సేకరించి దాచుకొమ్మని శిష్యుడైన అగ్నివేశుడికి చెబుతాడు. రోగం ఇంకా రానేలేదని గమనించండి. మందు మాత్రం సిద్ధం కావాలి.

అప్పుడు అగ్నివేశుడు అడిగిన ప్రశ్నను నేను తరగతిలో ఉండి ఉంటే వీపు తట్టి మెచ్చుకునేవాణ్ణి. మనుషుల ప్రకృతులు వేరు, ఆహారాలు వేరు, బలాలు వేరు, వయస్సులు వేరు. మరి ఇంతమందినీ ఒకే రోగం ఒకేసారి ఎలా పడగొడుతుంది? గురువు చెప్పిన సమాధానం క్లుప్తమైనది. అవన్నీ వేరైనా అందరికీ ఉమ్మడిగా ఉన్నవి నాలుగు: గాలి, నీరు, నేల, కాలం. ఇవి చెడితే ఊరు చెడుతుంది. ఇవి ఎందుకు చెడతాయంటే అధర్మం వల్లనట! దేశాన్నీ నగరాన్నీ నడిపే పెద్దలు ధర్మం తప్పితే ఆ చెరుపు గాలికీ నీటికీ పాకుతుందట. ఆధునికులు ఈ మాటకు నవ్వవచ్చు గాని, కాల్వలలో పూడిక తీసి ఎన్నాళ్ళయిందో గుర్తులేని పేటలో కాపురం ఉంటున్నవాడికి అది అంత నవ్వులాటగా తోచదు.

నాకొక ఆనవాలు దొరికింది. నేను వెదికే వైద్యుడు చెయ్యి పట్టి చూసేది ఒక మనిషి నాడిని గాక ఒక ఊరి నాడిని.

అటువంటివాణ్ణి నేను చిన్ననాడే చూశానని తరవాత స్ఫురించింది. సాక్ష్యం నా ఎడమ చేతిమీదే ఉంది. రూపాయి బిళ్ళంత మచ్చలు రెండు. 1960ల నడుమ, మా పల్లెకు టీకాలాయన సైకిలు మీద వచ్చేవాడు. ఆయన వస్తున్నాడన్న కబురు ఆయనకంటె ముందు వచ్చేది. పిల్లలందరం గడ్డివాముల వెనక, ధాన్యపు గాదెల చాటున. పెద్దవాళ్ళు దాచేవాళ్ళు కూడా. అమ్మవారు పోస్తే వేపమండలు కట్టి, చల్లటి నైవేద్యం పెట్టి, పోలేరమ్మకు మొక్కుకోవాలి గాని సూదులతో గుచ్చితే తల్లికి కోపం వస్తుందని మా నాయనమ్మ గట్టి నమ్మకం. టీకాలాయన చేతిమీద ఒక మందుచుక్క వేసి, చిన్న ముళ్ళబిళ్ళను దానిమీద అదిమి గిర్రున తిప్పేవాడు. వారం తిరిగేలోగా పొక్కు, చీము, జ్వరం. ఆ తిట్లన్నీ ఆయనకే. ఆయన్ను మా ఊళ్ళో ఎవరూ ఒక పూట భోజనానికి పిలిచిన జ్ఞాపకం నాకు లేదు. అమ్మవారు తగ్గాక గుడిముందు బోనాలు వండినవాళ్ళున్నారు. రాకుండా ఆపినవాడికి మంచినీళ్ళిచ్చినవాళ్ళు తక్కువ. 1975 మే నెల తరవాత మనదేశంలో మశూచి కేసు కనబడలేదు. 1980 మే 8న ప్రపంచమంతటా అది నశించిందని ప్రకటించారు. మా వీధి పిల్లలకు ఆ రోగం పేరు చెబితే నేనేదో పురాణం చెబుతున్నాననుకుంటారు.

ఇక మన తెలుగునేలకు సంబంధించిన ఉదంతం ఒకటుంది. హైదరాబాదులో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినపుడు, బేగంపేటలో పాత విమానాశ్రయానికి దాపున ఉన్న ఒక పాత భవనాన్ని చూసివచ్చాను. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి అధీనంలో రోనాల్డ్ రాస్ పేరు పెట్టుకుని ఉన్న భవనమది. రాస్ పేరు మన పాఠ్యపుస్తకాలలో ఒక్క వాక్యంలో ఉంటుంది: మలేరియా దోమల ద్వారా వ్యాపిస్తుందని కనిపెట్టాడు, 1902లో నోబెల్ బహుమానం పొందాడు. ఆ వాక్యాన్నే నేను కూడా ఎన్నో ఏళ్ళు పిల్లలచేత కంఠస్థం చేయించాను.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. సైనిక వైద్యుడిగా మద్రాసు రాజధానికి వచ్చి, ఉద్యోగం మీద ఆసక్తి లేక, కవిత్వమూ గణితమూ పట్టుకుని తిరిగినవాడు. 1888-89లో సెలవు మీద ఇంగ్లండు వెళ్ళినపుడు ప్రజారోగ్యంలో డిప్లొమా చదివాడు. మన కథకు కీలకం ఈ చిన్న సంగతే, కాని దీన్ని ఎవరూ చెప్పరు. సికింద్రాబాదులో దోమలు కోస్తూ ఉండగా, 1895లో బెంగుళూరులో కలరా చెలరేగిందని అక్కడికి పంపారు. ఏడాదికి పైగా బావులూ, కాల్వలూ, పెంటకుప్పలూ చూసే పని. సూక్ష్మదర్శినికి దూరమయ్యాడు గాని, ఊరి నాడి చూడడం అక్కడే అలవడిందని నా ఊహ.

1897 వేసవి తరవాత మళ్ళీ సికింద్రాబాదు. రెండేళ్ళుగా ఆయన కోసిన దోమలు బూడిదరంగువీ, చారలవీ. మలేరియాతో వాటికి సంబంధమే లేదు. ఆగస్టులో ఆయన మనుషులు తెచ్చిన పిల్లపురుగుల నుంచి రెక్కలమీద మచ్చలున్న మరొక జాతి దోమలు వెలువడ్డాయి. వాటి పేరేమిటో కూడా ఆయనకు తెలియదు. 16వ తేదీన హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని ఆ దోమలచేత కుట్టించాడు. ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున ఇచ్చాడు. ఎండ మాడిపోతోంది; పంకా లాగిస్తే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయి. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి, కంటి అద్దం పగిలింది. 20వ తేదీన, మిగిలిన కొద్ది దోమలలో ఒకదాని పొట్ట గోడలో నల్లటి రేణువులున్న గుండ్రని కణాలు కనబడ్డాయి. మరునాడు కోసిన దోమలో అవి మరికొంత పెరిగి ఉన్నాయి. అవి మలేరియా క్రిములని గ్రహించాడు. ఆగస్టు 20ని నేటికీ దోమల దినంగా జరుపుతున్నారు. అణాలు తీసుకున్న హుస్సేన్ ఖాన్ పేరు మన పిల్లల పుస్తకాలలో లేదు. చేర్చమని నేనొకసారి ఒక ఉత్తరం రాశాను. జవాబు రాలేదు, అది వేరే సంగతి.

ఆయన్ను వెంటనే రాజపుతానాకు బదిలీ చేశారు. మరుసటి ఏడు కలకత్తాలో, పిట్టల మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథులలోకి చేరి కాటు ద్వారా దిగుతుందని తేల్చాడు. మన పాఠం అక్కడితో ముగుస్తుంది. ఆయన పాఠం అక్కడ మొదలయింది.

దోమే కారణమైతే, దోమ పుట్టే నీళ్ళు తీసేస్తే సరి కదా! 1899లో ఉద్యోగం వదిలి లివర్‌పూల్ చేరింది మొదలు ఆయన చెప్పిందంతా ఇదే. సియెర్రా లియోన్‌లో గుంటలు పూడ్పించాడు. 1902లో సూయజ్ కాల్వ కంపెనీవారు పిలిస్తే ఇస్మాయిలియా వెళ్ళాడు. ఆ ఏడు ఆ చిన్న పట్నంలో 1,500కు పైబడి ఉన్న మలేరియా కేసులు, గుంటలు పూడ్చి మురుగు మళ్ళించాక, 1905 నాటికి 40కి లోపు దిగాయి. అయినా ఒప్పుకున్నవాళ్ళు తక్కువ. లోకంలోని దోమలన్నిటినీ చంపగలమా అని వెక్కిరించారు. లాహోరు దగ్గర మియాన్ మీర్ దండులో సర్కారువారు కొన్నేళ్ళు పైపైన ప్రయత్నించి, లాభం లేదని తీర్మానించారు. రాస్ మండిపడ్డాడు. చాలినంత ఖర్చు పెట్టక, చాలినంత మేర శుభ్రం చేయక, లాభం లేదనడమేమిటని పోట్లాడాడు. ఆయన సౌమ్యుడు కాడు; తన వాటా కీర్తికోసం ఇతరులతో జీవితాంతం తగవులాడినవాడు. అదీ చెప్పాలి.

దోమలన్నిటినీ చంపనక్కర లేదని ఆయన గణితంతో చూపాడు. రోగిని కుట్టిన దోమ చావకుండా పదిరోజులకు పైగా బతకాలి. క్రిమి దానిలో ముదరాలి. అప్పుడది మరొక మనిషిని కుట్టాలి. ఇన్ని గండాలు దాటేవి బహు కొద్ది. కనుక దోమల సంఖ్య ఒక హద్దుకు దిగువకు వస్తే, ఒక రోగినుంచి పుట్టే కొత్త రోగులు ఒకరికన్నా తక్కువవుతారు. వ్యాధి దానంతటదే ఆరిపోతుంది. 1910లో మలేరియా నివారణ మీద ఆయన వెలువరించిన పెద్ద గ్రంథంలో ఈ లెక్క ఉంది. 2020లో కరోనా వచ్చినపుడు ఒక రోగి ఎందరికి అంటిస్తున్నాడంటూ రోజూ వార్తలలో విన్నాం కదా, ఆ లెక్కకు తాతగారిది.

రాస్ జీవితంలో నన్ను అన్నిటికంటె కదిలించినది మరొకరికోసం ఆయన చేసిన పోరు. ఆ మరొకరు హాఫ్‌కిన్. 1860లో ఒడెస్సాలో పుట్టిన యూదుడు, జంతుశాస్త్రజ్ఞుడు. వైద్యపట్టా లేదు. కలరాకు టీకామందు చేసి, 1892లో మొదట తనకు తానే గుచ్చుకుని, మరుసటి ఏడు మనదేశం వచ్చాడు. కలకత్తా బస్తీలలో ఒకే ఇంట్లో టీకా వేయించుకున్నవారికీ వేయించుకోనివారికీ ఏమవుతున్నదో పోల్చి చూసేవాడు. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. గ్రాంట్ వైద్య కళాశాలలో ఒక చిన్న గదిలో కూర్చుని ప్లేగుమందు చేసి, 1897 జనవరి 10న మళ్ళీ తనకే గుచ్చుకున్నాడు. ఆ తరవాత బైకలా జైలు ఖైదీలలో ఒప్పుకున్నవారికి ఇచ్చాడు. ఆ మందు లక్షలమందికి చేరింది.

1902 అక్టోబరు 30న పంజాబులోని మల్కోవాల్ గ్రామంలో 107 మందికి ఆ టీకా వేశారు. ఒకే సీసాలోని మందు పడిన 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. విచారణ సంఘం మందు తయారైన చోటనే చెడిందని తేల్చి, హాఫ్‌కిన్‌ను దోషిని చేసింది. ఉద్యోగం పోయింది. తరవాత కాగితాలు బయటికి వచ్చాక తేలినదేమంటే, గ్రామంలో సీసా తెరిచేటప్పుడు పట్టకారు నేలమీద పడింది. దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే బిరడా తీశారు. 1907లో రాస్, మరికొందరు శాస్త్రజ్ఞులను కూడగట్టి, లండను టైమ్స్ పత్రికలో హాఫ్‌కిన్ నిర్దోషి అని ఉత్తరం ప్రకటించాడు. సర్కారు తలొంచి మళ్ళీ ఉద్యోగమిచ్చింది గాని, పాత గౌరవం ఇవ్వలేదు. 1925లో బొంబాయి పరేలులోని ప్రయోగశాలకు ఆయన పేరు పెట్టారు. 1930లో ఆయన లోసాన్‌లో కన్నుమూశాడు.

ఈ ఘట్టం చదివి రెండు రోజులు పుస్తకం మూసిపెట్టాను. ఆ 19 మందికీ ఇళ్ళున్నాయి, ఏడ్చినవాళ్ళున్నారు. ఆ లెక్క తప్పించుకోరానిది. మరి ఆ మందు వల్ల ప్లేగు సోకక, ముసలివాళ్ళయి, మనుమలను ఎత్తుకున్నవాళ్ళో? తామెవరో వాళ్ళకే తెలియదు. వైద్యుడి దగ్గరికి వచ్చి దండం పెట్టడానికి తమకేం తప్పిందో తెలియాలి కదా.

తరువాతి కథ త్వరగా చెబుతాను. 1932లో కలకత్తాలో ప్రజారోగ్య విద్యకు అఖిల భారత సంస్థ వెలసింది. 1939లో మద్రాసు రాజధానికి ప్రజారోగ్య చట్టం వచ్చింది. అప్పటికి ఆంధ్ర జిల్లాలు దానిలోనివే కనుక అది మనకూ సంక్రమించింది. భోర్ సంఘం 1946లో ఇచ్చిన నివేదికలో చికిత్సనూ నివారణనూ విడదీయవద్దని, ప్రతి వైద్యవిద్యార్థికీ నివారణ వైద్యం నేర్పాలని చెప్పింది. మా శిష్యుడు నిద్రపోయిన క్లాసు ఆ నివేదిక ఫలితమే. ఇప్పుడు ఆ శాఖను కమ్యూనిటీ మెడిసిన్ అంటున్నారు.

ఇదంతా చదువుతున్నానని తెలిసి, క్లాసులో నిద్రపోయిన పాపానికి ప్రాయశ్చిత్తమన్నట్టు వాడొక ఫోను చేశాడు. ఆశ్వయుజంలో ఒక ఉదయం ఆ శాఖకు చెందిన ఒక డాక్టరమ్మ, ఇద్దరు విద్యార్థులతో, పురపాలక సంఘం మనిషితో మా వీధికి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. మెడలో స్టెతస్కోపు లేదు. చేతిలో ఒక టార్చిలైటు, ఒక తెల్ల గరిటె. జ్వరాలు ఎవరెవరికి ఏ తేదీన మొదలయ్యాయో అడిగి, కాగితం మీద వీధి గీసి, ఆ ఏడిళ్ళకూ చుక్కలు పెట్టింది. ఆ చుక్కల నడుమ ఉన్నది మా ఇల్లు. మా ఇంట్లో ఎవరికీ జ్వరం రాలేదు.

పెరట్లో పారిజాతం కింద రాతితొట్టి ఒకటుంది. మా ఆవిడ పోయాక, ఆమె అలవాటును నేను కొనసాగిస్తూ పిచ్చుకలకు అందులో నీళ్ళు పోస్తున్నాను. తగ్గినప్పుడల్లా నింపడమే గాని పారబోసింది లేదు. డాక్టరమ్మ గరిటె ముంచి నా ముందు పెట్టింది. తెల్ల గరిటెలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. ఈ దోమ ఎక్కువ దూరం ఎగరదనీ, పగలే కుడుతుందనీ విద్యార్థులకు చెబుతోంది. పక్కింటి పిల్లవాడు మా అరుగు మీద కూర్చునేది అయిదు గంటలకు. నాకు మాట రాలేదు.

ఆమె గ్రహించింది కాబోలు. "మీ తొట్టిలో దోమే ఆ బాబుని కుట్టిందని నేను చెప్పలేనండి. కాదనీ చెప్పలేను. పిచ్చుకలకి నీళ్ళు పెట్టడం మానకండి. వారానికోసారి పారబోసి, లోపలి గోడలు పీచుతో గట్టిగా రుద్దండి. గుడ్లు గోడకి అతుక్కుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు" అని చెప్పి, తానే తొట్టిని ఒక పక్కకు ఒరగదోసింది. గుడ్డు దోమ కావడానికి వారం, పదిరోజులు పడుతుందట. అందుకే వారం గడువు. కాఫీ తీసుకొమ్మంటే, ఇంకా ఆరిళ్ళున్నాయని వెళ్ళిపోయింది. మంచినీళ్ళు మాత్రం పుచ్చుకుంది.

ఆ సాయంత్రం పక్కింటికి వెళ్ళి ఆ తల్లికి ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్పకపోతే అడిగేవాళ్ళు లేరు, అయినా చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "పోనీలెండి బాబాయిగారూ, మా డాబా మీద డ్రమ్ముకి మూతే లేదంట. ఆవిడ అదీ చూపించి వెళ్ళారు" అంది.

ఈ యేడు భాద్రపదం వెళ్ళిపోయింది. మా వీధిలో జ్వరాలు లేవు. ఎవరికీ ఆ సంగతి తట్టినట్టు కూడా లేదు. శుక్రవారం సాయంత్రాలు పక్కింటి పిల్లవాడే వచ్చి తొట్టి ఒరగదోస్తాడు. వాడు కొబ్బరిపీచుతో రుద్దుతుంటే నేను పద్యం అప్పజెప్పించుకుంటాను. కొత్తనీళ్ళు పోసేదాకా పిచ్చుకలు పారిజాతం కొమ్మమీద కాచుకుని ఉంటాయి.